ఎడమవైపు కిటికీలు, తోక కింద గొట్టం

ఆ విమానం ఏమిటో నాకు మొదటి రోజే అర్థం కాలేదు. ఇప్పటికీ పూర్తిగా అర్థమైందని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను.

ఒక సాయంత్రం మా ఆయన పని నుంచి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ, "ఒక విమానం మోడల్ చెయ్యమన్నారు. జెట్‌లు కొత్తగా వస్తున్న రోజుల్లో అమెరికాలో ఒక కంపెనీ కట్టిన నమూనా విమానం అట" అన్నారు. నేను స్టవ్ దగ్గర పప్పుకి పోపు పెడుతున్నాను.

"మనుషులు ఎక్కేదా?" అన్నాను.

"అలాగే అనుకోవచ్చు."

"మిలిటరీదేమో?"

"అలా కూడా అనుకోవచ్చు."

"రెండూ ఎలా అవుతుందండీ?"

"అదే చూడాలి" అని స్నానానికి వెళ్ళిపోయారు. ఈలోగా నా ఆవాలు మాడిపోయాయి. మా ఆయనతో ఏ విషయం మాట్లాడినా చివరికి ఇలాగే తేలుతుంది, అంటే తేలదు.

అప్పుడు మేము ఆక్లండ్‌లో, పాపటోయిటోయి అనే పేటలో ఉండేవాళ్ళం. రెండు వేల పదుల మధ్యలో సంగతి. ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు మా ఫ్లాట్ మీదుగా ఎంత కిందగా వెళ్ళేవంటే, పెరట్లో బట్టలు ఆరేస్తూ తలెత్తితే వాటి చక్రాలు విడివిడిగా కనిపించేవి. మా ఆయన స్టూడెంట్ వీసా మీద వచ్చి, చదువయ్యాక ఆ పనీ ఈ పనీ చేసి, ఊరి చివర ఉన్న ఒక చిన్న విమానాల మ్యూజియంలో మోడల్స్ చేసే ఉద్యోగం సంపాదించారు. తొలినాటి జెట్ విమానాల మీద వాళ్ళు ఒక ఎగ్జిబిషన్ పెడుతున్నారు. ఉద్యోగం అది మొదలయ్యేదాకానే. పని నచ్చితే పర్మనెంట్ చేస్తామన్నారు. పర్మనెంట్ అయితే రెసిడెన్సీకి అప్లై చేసుకోవచ్చు. కాకపోతే ఆ వేసవి చివర వీసా అయిపోతుంది, ఇక పెట్టెలు సర్దుకోవడమే. అంటే మా కాపురం మొత్తం ఆ విమానం బొమ్మ వీపు మీద ఎక్కి కూర్చుందన్నమాట.

నాకు ఇక్కడే ఉండిపోవాలని ఉండేది. దాచడం ఎందుకు, ప్రాణం పెట్టి కోరుకున్నాను. నేను చేసేది ఇండియన్ షాపులో కందిపప్పు తూచి ప్యాకెట్లు కట్టే ఉద్యోగమే. అయినా నా పాత కారు నేను డ్రైవ్ చేసుకుంటూ, వానలో వైపర్లు కిర్రుమంటుంటే పాటలు పెట్టుకుని ఇంటికొచ్చే ఆ కాసేపు నాకు మహారాణీ భోగంలా ఉండేది. ఎక్కడికి వెళ్ళావు, ఎందుకు ఆలస్యమైంది అని అడిగే నాథుడు లేడు. తెలిసినవాళ్ళు హాబ్సన్‌విల్‌లో కొత్త ఇల్లు కొనుక్కుని గృహప్రవేశానికి పిలిస్తే, ఆ వంటింటి కిటికీ లోంచి నీళ్ళకేసి చూస్తూ, ఇలాంటిది మాకూ ఒకటి అని మనసులో ముద్ర వేసేసుకున్నాను.

మా ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు. ఇక్కడికి రాకముందు హైదరాబాదులో, కూకట్‌పల్లిలో, బిల్డర్లకి అపార్ట్‌మెంట్ మోడల్స్ చేసేవారు. స్పాంజి చెట్లు, ప్లాస్టిక్ కార్లు, బాల్కనీలో అగ్గిపుల్లంత మనుషులు. అనుమానమంతా ఆయన నోటి మీదే. ఎవరేమడిగినా కాదనలేరు. అందులోనూ పెద్దవాళ్ళు అడిగితే సరేసరి. ఎవరింట్లోనైనా కంచం ముందు కూర్చున్నాక వాళ్ళ మాట తీసెయ్యకూడదన్నది మా అత్తగారు నేర్పిన పద్ధతి. ఒకసారి ఒక బిల్డరు భోజనం పెట్టి స్విమ్మింగ్ పూల్ పెట్టమన్నాడు, ఈయన పెట్టారు. అతని పార్ట్‌నర్ బిర్యానీ తినిపించి అదే చోట గుడి పెట్టమన్నాడు, అదీ పెట్టారు. కొనడానికి వచ్చినవాళ్ళు ఆ మోడల్ చూసి, దేవుడికి తెప్పోత్సవం కూడా చేస్తారా అని అడిగారట.

ఆక్లండ్ వచ్చినా మనిషి మారలేదు. అంకుల్స్ మాత్రం మారారు.

మ్యూజియంకి ఇద్దరు పెద్దవాళ్ళు వాలంటీర్లుగా వచ్చేవారు. పొద్దున్నే వచ్చి టీ తాగడం, పాత ఇంజన్లు తుడవడం, పోట్లాడుకోవడం, ఇదీ వాళ్ళ దినచర్య. నేను వాళ్ళకి పెట్టుకున్న పేర్లే ఇక్కడ రాస్తాను. ఒకాయన కిటికీల అంకుల్. రిటైరయ్యేదాకా ప్రయాణికుల జెట్ విమానాలు బాగుచేసిన మెకానిక్. రెండో ఆయన గొట్టం అంకుల్. అమెరికా వైమానిక దళంలో పనిచేసి, ఇక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఇక్కడే సెటిల్ అయిపోయాడు. గాలిలో ఎగురుతుండగానే మరో విమానానికి ఇంధనం పోసే విమానాలు ఉంటాయట, వాటిని ట్యాంకర్లంటారు. ట్యాంకర్ తోక కింద నుంచి పొడుగాటి గొట్టం ఒకటి దిగుతుంది. దాన్ని వెనకాల వస్తున్న విమానం నెత్తి మీది చిల్లులోకి గురిచూసి దించడం ఈయన ఉద్యోగం. అందుకోసం తోకలో బోర్లా పడుకోవాలట. ఉద్యోగమంతా బోర్లా పడుకుని జీతం తీసుకున్న మనిషిని నేను ఈయన్నొక్కణ్ణే చూశాను.

మా ఆయన మోడల్ చెయ్యాల్సిన ఆ విమానం మీద ఈ ఇద్దరికీ చెరొక అభిప్రాయం. అది ప్రయాణికుల జెట్‌లకి తల్లి అని కిటికీల అంకుల్ అంటాడు. ట్యాంకర్లకి తల్లి అని గొట్టం అంకుల్ అంటాడు. ఆ తల్లి ఎవరిదని ఇద్దరూ తగువులాడితే, మధ్యలో మా ఆయన ఇద్దరికీ తలూపుతూ నిలబడ్డారు.

ముందు కిటికీల అంకుల్ ఒక శనివారం మా ఆయన్ని భోజనానికి పిలిచాడు. వాళ్ళావిడ ఓవెన్‌లో మాంసం కాల్చి పెట్టిందట. అది ఏం మాంసమో అడగడానికి కూడా మొహమాటపడి, బంగాళాదుంపలతో కడుపు నింపుకుని ఇంటికొచ్చారు ఈ మహానుభావుడు. వచ్చి, "బొమ్మకి వరసగా కిటికీలు పెట్టి, లోపల సీట్లు కనిపించేలా చెయ్యమన్నాడు అంకుల్" అన్నారు.

"మీరేమన్నారు?"

"సరే అన్నాను. పాపం, అంత ప్రేమగా పెట్టాడు."

తరవాతి వారం గొట్టం అంకుల్ వాళ్ళ పెరట్లో బార్బెక్యూ. మళ్ళీ బంగాళాదుంపలే. ఈసారి, "కిటికీలు వద్దు, తోక కింద గొట్టం పెట్టమన్నాడు" అన్నారు. సరే అన్నారా అని అడగలేదు. ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది.

రెండిళ్ళల్లో తిని వచ్చాక తిరిగి పిలవకపోతే బాగుండదని ఇద్దర్నీ ఒకే ఆదివారం మా ఫ్లాట్‌కి పిలిచాము. మా షాపులో ములక్కాడలు అయిపోతే శాండ్రింగ్‌హామ్ దాకా వెళ్ళి ఫ్రోజెన్ ప్యాకెట్ తెచ్చి సాంబారు పెట్టాను, గారెలు వండాను. విమానం సంగతి ఇవాళ వాళ్ళ నోటి నుంచే తేల్చుకుందామని నా ఉద్దేశం. వడ్డిస్తూ, "అంకుల్, అసలు అది ఏ విమానం?" అని అడిగాను. అడగడమే పాపమైపోయింది.

కిటికీల అంకుల్ పళ్ళెంలో గారెలన్నీ వరసగా పేర్చాడు. "చూడమ్మా, ఇవి కిటికీలు. అంతకుముందు జనం రెక్కలకి పంకాలు తిరిగే విమానాల్లో గంటలు గంటలు ఒళ్ళు హూనం చేసుకునేవాళ్ళు. ఈ నమూనా ఎగరబట్టే ప్రపంచమంతా జెట్‌లో తిరుగుతోంది. నువ్వు ఈ దేశానికి వచ్చింది కూడా దాని మనవరాలి మీదే."

గొట్టం అంకుల్ సాంబారులోంచి ఒక ములక్కాడ పైకి తీసి, రెండు వేళ్ళతో పట్టుకుని, గారెల వరస మీదుగా దించాడు. "ఇది గొట్టం. మా బాంబర్లేమో అప్పటికే జెట్‌లు. వాటికి ఇంధనం పోసే ట్యాంకర్లు ఇంకా పంకాలవే. నడిచేవాడు పరిగెత్తేవాడికి నీళ్ళు తాగించినట్టు ఉండేది. జెట్ ఎంత నెమ్మదిగా వెళ్తే పడిపోతుందో అంత నెమ్మదిగా వెళ్ళాలి, ట్యాంకరేమో ప్రాణాలు అరచేత పెట్టుకుని ఉరకాలి. అందుకే జెట్ ట్యాంకర్ కావాల్సి వచ్చింది. ఈ నమూనా కట్టింది అందుకే. మొదట కొన్నది ఎవరు? మిలిటరీ!"

"జనాన్ని తిప్పే విమానాల కంపెనీలు కూడా కొన్నాయి" అన్నాడు కిటికీల అంకుల్.

"తరవాత!"

ములక్కాడ నుంచి సాంబారు నా కొత్త టేబుల్ క్లాత్ మీద కారింది. ఇంధనం ఒలికిపోయిందని గొట్టం అంకుల్ తనే నవ్వాడు. నేను గరిటె పట్టుకుని ఇద్దరికేసీ మార్చి మార్చి చూశాను. ఎవరిది విన్నా వాళ్ళదే నిజమనిపిస్తోంది. మా ఆయన ఒకసారి ఇటు తిరిగి "అవునంకుల్" అన్నారు, ఇంకోసారి అటు తిరిగి "అవునంకుల్" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాళ్ళు వెళ్ళాక గిన్నెలు తోముతూ, "ఇప్పుడైనా చెప్పండి. ఇద్దరిలో ఎవరు చెప్పింది నిజం?" అని నిలదీశాను. ఆయన తువ్వాలుతో గిన్నెలు తుడుస్తూ తను పుస్తకాల్లో చదివింది చెప్పారు. ఆ కంపెనీకి అప్పటికి ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదట. మిలిటరీ కొంటుందో, విమానాల కంపెనీలు కొంటాయో తెలియదు. సొంత డబ్బు పెట్టి ఒకే ఒక్కటి కట్టారు. బయటివాళ్ళు పసిగట్టకుండా తమ పాత పంకాల విమానం నంబరునే దానికీ తగిలించారు. అది ఎగిరాక మిలిటరీ వచ్చి చూసి, బాగుంది కానీ పొట్ట ఇంకాస్త వెడల్పు కావాలంది. తరవాత విమానాల కంపెనీలు వచ్చి చూసి, వరసకి ఆరుగురు కూర్చోవాలి, ఇంకాస్త వెడల్పు చెయ్యండి అన్నాయి. అలా ట్యాంకర్ ఒక కొలతతో తయారైంది, ప్రయాణికుల విమానం ఇంకో కొలతతో తయారైంది. మొదటిది మాత్రం అదీ కాలేదు, ఇదీ కాలేదు.

"ఓహో, శాంపిల్ ఫ్లాట్!" అన్నాను.

ఆయన తుడవడం ఆపి నాకేసి చూశారు. కూకట్‌పల్లిలో బిల్డర్లు పునాది లేవకముందే ఒక శాంపిల్ ఫ్లాట్ కట్టి చూపించేవాళ్ళు. అందులో ఎవరూ కాపురం ఉండరు. చూసినవాళ్ళందరూ నాకు హాలు పెద్దది కావాలి, నాకు పూజగది కావాలి అని వేరేవి కొనుక్కుంటారు. నాకు తెలిసిన లోకంలో దానికి దగ్గరగా ఉన్నది అదొక్కటే. ఆ విమానం నడిపే పైలట్ ఒకసారి, సరస్సు మీద పడవ పందేలు చూడ్డానికి కొనుగోలుదారులంతా చేరినప్పుడు, అంత పెద్ద విమానాన్నీ గాలిలో పొర్లించి తలకిందులు చేసి చూపించాడట. ఆ కథ నాకు తెగ నచ్చింది. అమ్ముకోవడం అంటే అదీ. అయినా ఆ పూటకి నాకు తేలింది ఒక్కటే, అది ఎవరికీ చెందని విమానం. మరి అలాంటి దానికి మోడల్ ఎలా చేస్తారో, దాన్ని చూసి ఈయనకి ఉద్యోగం ఎవరిస్తారో మాత్రం అంతు పట్టలేదు.

ఎగ్జిబిషన్ దగ్గర పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన మర్చిపోయిన లంచ్ బాక్స్ పట్టుకుని మ్యూజియంకి వెళ్ళాను. వర్క్‌షాపు పెద్ద రేకుల షెడ్డు, గాలికి రేకులు టపటపలాడుతున్నాయి. మా డైనింగ్ టేబుల్ కంటే పొడుగైన విమానం స్టాండ్ మీద ఉంది. ఎడమవైపు నుంచి చూస్తే ముచ్చటేసింది. వరసగా కిటికీలు, లోపల గోరంత సీట్లు. బాగుందనుకుంటూ చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చాను. ఒక్క కిటికీ లేదు. అంతా మూసేసి ఉంది, తోక కింద గొట్టం వేలాడుతోంది. మళ్ళీ ఎడమవైపుకి వెళ్ళాను. మళ్ళీ కుడివైపుకి వచ్చాను. స్విమ్మింగ్ పూల్‌లో గుడి గుర్తొచ్చి కళ్ళు తిరిగాయి.

"ఇదేంటండీ?" అన్నాను.

"కిటికీల అంకుల్ ఎప్పుడూ అటు నుంచి వస్తాడు" అన్నారు మెల్లగా. "గొట్టం అంకుల్ కుర్చీ ఇటు పక్క ఉంటుంది."

లంచ్ బాక్స్ అక్కడ పెట్టేసి వచ్చేశాను. సాయంత్రం ఆయన్ని తీసుకురావడానికి మళ్ళీ వెళ్ళినప్పుడు, కారెక్కిన దగ్గర్నుంచి అందుకున్నాను. హైవే మీద ట్రాఫిక్ ఆగిపోయి ఉంది, వాన పడుతోంది, నాకు కావలసినంత సమయం దొరికింది.

"ఆ మ్యూజియం మేనేజరమ్మ వచ్చి చూస్తే ఏమనుకుంటుంది? నవ్వి పంపించేస్తుంది. వీసా పోతుంది. నా ఉద్యోగం, ఈ కారు, అన్నీ పోతాయి. ఇద్దరు ముసలాళ్ళ మొహమాటానికి మన బతుకు బజారున పడెయ్యాలా? నోరు తెరిచి కుదరదు అని చెప్తే ఏం, కొడతారా? జీవితంలో ఒక్కసారి, ఒక్కరికైనా కాదని చెప్పలేకపోయారా మీరు?"

ఆయన కిటికీలోంచి పక్క కారుకేసి చూస్తున్నారు. "చెప్పుంటే మనం ఈ దేశం వచ్చేవాళ్ళమే కాదు" అన్నారు.

కోపంగా అనలేదు. ఎత్తిపొడుపు కూడా కాదు. మామూలుగా, వాన తగ్గేలా లేదు అన్నంత మామూలుగా అన్నారు. ముందు కార్లు కదిలాయి, వెనకవాడు హారన్ కొట్టేదాకా నేను కదలలేదు.

నిజమే, ఇక్కడికి రావాలన్న ముచ్చట నాది. మా పెద్దమ్మ కూతురు ఇక్కడి నుంచి పంపిన ఫొటోలు చూసి నేనే పట్టుబట్టాను. కూకట్‌పల్లిలో ఆయనకి సొంత షెడ్డు, ఇద్దరు పనివాళ్ళు, చేతినిండా ఆర్డర్లు ఉండేవి. వెళ్దామా అని అడిగితే సరే అన్నారు. నేను ఆ సరేని పట్టుకుని సంబరంగా పెట్టెలు సర్దేశాను. ఆ సరే, బంగాళాదుంపలు తిని వచ్చి అన్న సరే లాంటిదేనా? పెళ్ళిచూపుల్లో నన్ను చూసి అన్న సరే ఎలాంటిది? ఇన్నేళ్ళలో నాకు ఎప్పుడూ రాని అనుమానం ఇది. ఒకసారి వచ్చాక అది ఎక్కడ ఆగాలో నాకు తెలియలేదు. రెండు రోజులు ఇంట్లో ఉప్పూ పులుపూ కూడా సరిగ్గా పడలేదు. అడుగుదామంటే భయం. అడిగితే ఏమంటారు? కాదు, నాకు ఇష్టమయ్యే వచ్చాను అంటారు. ఎందుకంటే నాకు కావలసిన జవాబు అదే కదా.

ఆ వారంలోనే మేనేజరమ్మ మోడల్ చూడ్డానికి వస్తున్నానని కబురు చేసింది. నేను షాపులో సెలవు పెట్టి మరీ వెళ్ళాను. లంచ్ బాక్స్ ఒక వంక. ఆవిడ మంచి మనిషే. కానీ ఇక్కడివాళ్ళలాగే యెస్సూ నో ఒకే గుక్కలో కలిపి "యే, నా" అంటుంది, అది అవునో కాదో ఎన్నేళ్ళున్నా నాకు పట్టుబడలేదు. ఇద్దరు అంకుల్స్ కూడా వచ్చి చెరోపక్కా నిలబడ్డారు. ఆవిడ విమానం చుట్టూ ఒక చుట్టు తిరిగింది, ఆగింది, ఇంకో చుట్టు తిరిగింది.

"మనం చూపిస్తున్నది దేన్ని, దీన్నా, దాన్నా?" అంది.

అంకుల్స్ ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. అప్పుడే అవతలి పక్క ఏముందో చూసి మరీ గట్టిగా అరిచారు. ఆవిడ చెయ్యెత్తి వాళ్ళని ఆపి, మా ఆయనతో, "పిల్లలు వస్తారు. వాళ్ళకి కిటికీలూ సీట్లూ ఉంటే సరదా. గొట్టం తీసేసి రెండువైపులా కిటికీలు పెట్టెయ్యగలవా, మొదలయ్యేలోపల?" అంది.

హమ్మయ్య అనుకున్నాను. దారి దొరికింది. సరే అనడం మా ఆయనకి వెన్నతో పెట్టిన విద్య, అదొక్కటి అంటే చాలు.

"నో" అన్నారు మా ఆయన.

రేకుల చప్పుడులో తప్పు విన్నానేమో అని పైకి చూశాను. గొట్టం అంకుల్ మొహం వెలిగిపోయింది. "అయితే ట్యాంకరేగా!" అన్నాడు.

"నో, అంకుల్. సారీ. అదీ కాదు." ఆయన ఎవరికేసీ తలూపలేదు. "మీ ఇద్దరికీ సరే అన్నాను, కానీ అసలుది ఇలా లేదు. హ్యాంగర్ షెడ్డు నుంచి బయటికి తెచ్చిన రోజున దానికి కిటికీలు ఎక్కడో కొన్నే ఉన్నాయి. సీట్లు లేవు. గొట్టం లేదు, అది తరవాత తగిలించారు. అదొక శాంపిల్ ఫ్లాట్ అని మా ఆవిడ అంది. ఇంకా ఎవరూ కొననిది. నేను దాన్ని అలాగే చేస్తాను."

మేనేజరమ్మ నాకేసి తిరిగింది. నేను గంగిరెద్దులా తలాడించాను, ఇంకేం చెయ్యను? నోరు తెరవమని నేనే అరిచాను, నిజమే. తెరవడానికి ఈ ముహూర్తమే దొరికిందా ఈ మనిషికి? కిటికీల అంకుల్ కళ్ళద్దాలు తీసి అదే పనిగా తుడుచుకున్నాడు. గొట్టం అంకుల్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ "యే, నా" అని, గడియారం చూసుకుని వెళ్ళింది. ఏమైందో నాకు అర్థం కాలేదు. ఏమైందని మా ఆయన్ని అడిగితే, "నాకూ తెలీదు" అని బాక్స్ తెరిచి పెరుగన్నం తిన్నారు. అంత ఆకలిగా తినడం ఈ మధ్య చూడలేదు.

ఆ తరవాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఆయన కిటికీలు పూడ్చేశారు, కొన్ని మాత్రం ఉంచారు. గొట్టం ఊడదీశారు. పసుపు, గోధుమ రంగులు వేశారు, అసలుదానికి అవే రంగులట. నేను ఒకపక్క పని చేసే షాపులో అట్టపెట్టెలు అడిగి తెచ్చి గరాజ్‌లో దాచాను, సర్దుకోవడానికి పనికొస్తాయని. ఇంకోపక్క సింక్ కింద కారుతున్న పైపు బాగుచేయించాను, ఉండేవాళ్ళలాగా. నా బుర్ర ఎటు పనిచేస్తోందో నాకే తెలియలేదు.

ఎగ్జిబిషన్ మొదలైన రోజు మ్యూజియం నిండా జనం. కిటికీల అంకుల్ భార్యతో వచ్చి, విమానం ముందు నిలబడి, "తరవాత ఇక్కడంతా కిటికీలు వచ్చాయి" అని ఆవిడకి వేలితో గీసి చూపించాడు. గొట్టం అంకుల్ రాడనుకున్నాను. మధ్యాహ్నం వచ్చాడు. వచ్చి, అంత వయసులో నేలమీద పడుకుని తోక కిందికి చూశాడు. జనం ఆయన్ని దాటుకుంటూ వెళ్ళారు. లేవడానికి మా ఆయన చెయ్యి అందించారు. "ఇక్కడే తగిలించారు, తెలుసా" అన్నాడు. "తెలుసంకుల్" అన్నారు ఈయన. ఇద్దరూ టీ తాగడానికి వెళ్ళారు.

సాయంత్రం మేనేజరమ్మ మా దగ్గరికొచ్చి, తరవాత ఒక సీప్లేన్ మోడల్ ఉందనీ, పర్మనెంట్ ఉద్యోగానికి కాగితాలు సిద్ధం చేశామనీ, సోమవారం ఏ సంగతీ చెప్పమనీ అంది. కాదన్నందుకు ఇచ్చారో, కాదన్నా ఇచ్చారో, ఎప్పుడో ఇద్దామనుకున్నారో నాకు తెలియదు. అడుగుదామంటే ఆవిడ మళ్ళీ యే, నా అంటుందని భయం.

కార్ పార్కింగ్‌లోకి వచ్చేసరికి నా కాళ్ళు నేలమీద లేవు. హాబ్సన్‌విల్ వంటిల్లు కళ్ళ ముందు తిరుగుతోంది. "సోమవారం దాకా ఎందుకండీ, ఇప్పుడే వెళ్ళి సంతకం..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాను. ఆయన అలవాటుగా తలూపబోతున్నారు. ఆ తల ఊపడం చూసి నాకు భయమేసింది.

"ఆగండి" అన్నాను. "మీకు ఇక్కడ ఉండాలని ఉందా?"

ఆయన ఆశ్చర్యపోయారు. ఈ ప్రశ్న నేను అంతకుముందు అడగలేదని ఆ చూపు చూశాకే నాకు తెలిసింది. వెళ్దామా అని అడిగాను, వెళ్దాం కదా అని అడిగాను. ఇలా ఎప్పుడూ అడగలేదు. వెంటనే సరే అంటారనుకున్నాను. అంటే ఏం చెయ్యాలో కూడా తెలియక నిలబడ్డాను.

"ఆలోచించి చెప్తాను" అన్నారు.

ఇంటికెళ్ళాం, తిన్నాం, పడుకున్నాం. నేను ఆయన్ని ఏమీ అడగలేదు. కుక్కర్ మూడో విజిల్ దాకా ఆగలేని దాన్ని, ఆ ఒక్క మాట కోసం ఆగాను. కూకట్‌పల్లి వెళ్ళిపోదాం అంటారని మనసు చెబుతోంది. అంటే ఈసారి సరే అనడం నా వంతు. అనగలనా? కాదనగలనా? రెండూ నా వల్ల కావనిపించింది.

ఆదివారం పొద్దున్న ఆయన కాఫీ కలిపి తెచ్చి, నాకొక గ్లాసు ఇచ్చి, ఎదురుగా కూర్చున్నారు. పైన ఒక విమానం దిగుతూ వెళ్ళింది, గిన్నెల స్టాండు గలగలలాడింది. ఆ చప్పుడు పోయేదాకా ఆగి అన్నారు.

"ఉందాం. కానీ నీ కోసం కాదు."

ఆ మాట నా గుండెల్లో సూటిగా గుచ్చుకుంది. నొప్పి పుట్టింది, అబద్ధమెందుకు. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన చేసిందంతా నాకోసమే అనుకుని గర్వపడుతూ వచ్చినదాన్ని. "మరి?" అన్నాను.

"నాకు ఉండాలనుంది" అన్నారు.

కాఫీ తాగుతూ కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. సంతోషానికో, ఉక్రోషానికో తెలియదు. ఎదురుగా కూర్చున్న మనిషిని మాత్రం, పెళ్ళిచూపుల నాడు చూసినట్టు, తేరిపార చూశాను.